జనహనన ఆయుధాలు – ఉద్దిష్ట శ్రోత: తీవ్రవాద బృందాల కాంక్ష, నిగ్రహాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హింసామార్గం పట్టిన బృందాలలో కొన్ని జనహనన ఆయుధాలకోసం ఎందుకు వెంపర్లాడతాయి, మరికొన్ని అవకాశం ఉన్నా వాటి జోలికి ఎందుకు పోవు అన్న ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. సాంకేతిక సామర్థ్యం, ధనబలం, నాయకుని మనస్తత్వం అనే కారణాలు మాత్రమే ఈ తేడాను వివరించలేవు. సాహిత్య విమర్శలో మనం వాడే ‘ఉద్దిష్ట శ్రోత’ అన్న భావన ఇక్కడ ఉపకరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రష్యాలో 1905 నాటి ఘటన, 1945–46లో నకామ్ బృందం, 1990లో శ్రీలంక తూర్పుతీరం, 1995లో టోక్యో భూగర్భ రైళ్లు ఇందులో ప్రధాన ఆధారాలు. చివర తిక్కన సౌప్తికపర్వంలోని అస్త్రప్రయోగ ఘట్టాన్ని ఇదే దృష్టితో చదివే ప్రయత్నం ఉంది.

కీలకపదాలు: జనహనన ఆయుధాలు, తీవ్రవాదం, ఉద్దిష్ట శ్రోత, ఓం షిన్రిక్యో, నకామ్, సౌప్తికపర్వం.

1. ఉపోద్ఘాతం

ఆయుధం దొరికితే వాడతారు, దొరకకపోతే వాడరు అన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. తీవ్రవాద బృందాలూ జనహనన ఆయుధాల గురించి పత్రికలలో వచ్చే చర్చ ఎక్కువగా ఈ అభిప్రాయం మీదనే నడుస్తుంది. విషవాయువు తయారుచేయడం ఎంత సులభం, అణుపదార్థం ఎక్కడ దొంగిలించవచ్చు, రోగక్రిములు ఎవరి చేతికి చిక్కవచ్చు అన్నవే అక్కడ ప్రశ్నలు. చరిత్ర చూస్తే మాత్రం లెక్క ఇంత సరళంగా లేదు. ఇరవయ్యో శతాబ్దంలో వందల సాయుధ బృందాలు పుట్టాయి. వాటిలో చాలావాటికి చదువుకున్న సభ్యులు, ధనం, దేశాంతర సంబంధాలు ఉన్నాయి. అయినా విషవాయువునో, రోగక్రిమినో పెద్దఎత్తున ప్రయోగించడానికి పూనుకున్నవాటిని వేళ్లమీద లెక్కించవచ్చు. కాబట్టి ‘ఎందుకు కోరారు’ అన్న ప్రశ్నకు ముందు ‘ఎందుకు ఇంతమంది కోరలేదు’ అన్న ప్రశ్న వేసుకోవాలి.

తీవ్రవాదాన్ని అధ్యయనం చేసిన అమెరికన్ పరిశోధకుడు బ్రయన్ జెన్కిన్స్ 1970లలోనే దీనికి ఒక సమాధానం సూచించాడు. తీవ్రవాదికి కావలసింది ఎక్కువమంది చావడం కాదు, ఎక్కువమంది చూడడం అన్నది ఆయన వాదన సారాంశం. అంటే హింస ఒక ప్రదర్శన, దానికి ప్రేక్షకులు ఉంటారు. ఆ ప్రేక్షకులు ఎవరన్న ప్రశ్నను ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శతక పద్యం చదివేటప్పుడు మకుటంలోని సంబోధన ఎవరికి, ఆ పద్యం నిజంగా వినవలసినవాడు ఎవరు అని మనం విడివిడిగా ఆలోచిస్తాం. మకుటంలో దేవుడుంటాడు, ఎత్తిపొడుపు రాజుకు తగులుతుంది. హింసాత్మక చర్యలోనూ ఇలాంటి రెండు స్థానాలున్నాయి. దెబ్బ తగిలేది ఒకరికి, ఆ చర్య ఎవరి మెప్పుకోసం జరిగిందో వారు వేరొకరు. ఈ రెండోవారినే ఇక్కడ ‘ఉద్దిష్ట శ్రోత’ అంటున్నాను. ఒక బృందం తన చర్యకు ఎవరి తీర్పు ఆశిస్తున్నదో, ఆ శ్రోతకు ‘వద్దు’ అనగల శక్తి ఉన్నదో లేదో తెలిస్తే, ఆ బృందం జనహనన ఆయుధాన్ని కోరుతుందో మానుతుందో చాలావరకు అర్థమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

2. పదం – పరిధి

‘జనహనన ఆయుధాలు’ అన్నది పత్రికా రచన ద్వారా తెలుగులో స్థిరపడిన మాట. ‘సామూహిక విధ్వంసక ఆయుధాలు’ అని కూడా రాస్తున్నారు. ఐక్యరాజ్యసమితి సంఘం ఒకటి 1948లో దీనికి నిర్వచనం ఇచ్చింది. అణుబాంబులు, రేడియోధార్మిక ఆయుధాలు, ప్రాణాంతకమైన రసాయన, జీవాయుధాలు, వీటితో సమానమైన విధ్వంసశక్తి గలిగి మున్ముందు రాగల ఆయుధాలు ఈ నిర్వచనంలో చేరాయి. అణుబాంబు ఏ తీవ్రవాద బృందం చేతికీ ఇంతవరకు రాలేదు. అందువల్ల మన పరిశీలనకు మిగిలేవి ప్రధానంగా రసాయనాలూ, విషాలూ, రోగక్రిములూ.

ఇవి పేరుకు తగినంత జననష్టం ఎప్పుడూ కలిగించలేదు. మామూలు పేలుడు పదార్థాలు, తుపాకులు, కత్తులు తీసిన ప్రాణాల ముందు తీవ్రవాద బృందాల విషవాయువులు తీసిన ప్రాణాల సంఖ్య చాలా చిన్నది. అంటే ఈ ఆయుధాన్ని ఎంచుకోవడం కేవలం ప్రయోజనం లెక్కవేసి చేసిన పని కాదు. ఆ ఎంపికలో ఒక భావన ఉంది: గురిచూసి ఒకరిని చంపడం కాక, గాలిలా నీరులా వ్యాపించి ఎవరినైనా చంపడం. ఎవరు చస్తారన్నది ముఖ్యం కానప్పుడే ఇటువంటి ఆయుధం మీద మనసు పోతుంది. ఈ తేడాను స్పష్టం చేసే ఘటన ఒకటి, ఈ ఆయుధాలకు ఆ పేరు రాకముందే రష్యాలో జరిగింది.

3. ఆగిన చేయి: మాస్కో, 1905

పంతొమ్మిదో శతాబ్దం చివర డైనమైటే అందరినీ భయపెట్టిన కొత్త ఆయుధం. రష్యాలో ‘నరోద్నయా వోల్యా’ (ప్రజాసంకల్పం) అన్న రహస్య సంఘం 1881 మార్చిలో జార్ రెండవ అలెగ్జాండర్‌ను బాంబుతో చంపింది. అదే సంవత్సరం అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ తుపాకీ గాయంతో మరణించినప్పుడు, ఆ సంఘం కార్యనిర్వాహక వర్గం ఆ హత్యను ఖండిస్తూ ప్రకటన చేసింది. ప్రజలు తమ పాలకులను తామే ఎన్నుకోగల దేశంలో రాజకీయ హత్యకు తావులేదన్నది దాని భావం. జార్‌ను చంపినవారు అమెరికాలో జరిగిన హత్యను ఖండించడం వింతగా తోచవచ్చు. కాని ఆ ప్రకటనలో ఒక తర్కం ఉంది. తమ హింసకు ఒక కారణం, ఒక హద్దు ఉన్నాయని వారు లోకానికి నచ్చచెప్పుకోవాలి. నచ్చచెప్పుకోవలసిన అవసరం ఉన్నచోట శ్రోత ఉన్నట్టే.

వారి వారసులైన సోషలిస్టు విప్లవకారుల పోరాటదళంలో ఇవాన్ కాల్యాయెవ్ సభ్యుడు. సహచరులు అతణ్ని ‘కవి’ అని పిలిచేవారు. పాత రష్యన్ పంచాంగం ప్రకారం 1905 ఫిబ్రవరి 2న, మాస్కోలో గ్రాండ్ డ్యూక్ సెర్గెయ్ అలెగ్జాండ్రోవిచ్ బండి మీద బాంబు వేయడానికి అతడు దారిలో కాచుకొని ఉన్నాడు. బండి వచ్చింది. దానిలో గ్రాండ్ డ్యూక్ పక్కన అతని భార్య, అతని సోదరుని ఇద్దరు పిల్లలు కనిపించారు. కాల్యాయెవ్ బాంబు వేయలేదు. వెనక్కి వచ్చి సహచరులతో సంగతి చెప్పాడు, వారు అతణ్ని తప్పుపట్టలేదు. రెండు రోజుల తర్వాత గ్రాండ్ డ్యూక్ పిల్లలు లేకుండా వచ్చినప్పుడు బాంబు వేసి చంపాడు. బండితోలేవాడు కూడా ఆ గాయాలతో మరణించాడు. కాల్యాయెవ్‌ను పట్టుకొని ఆ ఏడాదే ఉరితీశారు. దళనాయకులలో ఒకడూ తర్వాత నవలాకారుడూ అయిన బోరిస్ సవింకోవ్ తన జ్ఞాపకాలలో ఈ సంగతి రాశాడు. దానినుంచే ఆల్బేర్ కామూ 1949లో ‘న్యాయవంతులు’ అన్న అర్థం వచ్చే పేరుతో నాటకం రచించాడు.

ఈ ఘటనను కాల్యాయెవ్ దయాగుణానికి నిదర్శనంగా మాత్రమే చూడడం సరికాదు. మొదటినాడు బాంబు ఆపినవాడే మూడోనాడు దానిని విసిరాడు. అయితే తన చర్యకు న్యాయస్థానంలోనూ ప్రజలముందూ జవాబు చెప్పుకోవాలని అతడు అనుకున్నాడు, చెప్పుకున్నాడు కూడా. పిల్లలను చంపినవాడు రష్యన్ రైతుకు ముఖం చూపలేడు. రైతు అక్కడ లేడు, అతని పేరుతోనే బాంబు తయారైంది. ఆ కనిపించని రైతే ఆనాడు కాల్యాయెవ్ చేయి పట్టుకున్నాడు.

4. మృతులే శ్రోతలు: నకామ్, 1945–46

శ్రోత ఉన్నంత మాత్రాన నిగ్రహం వస్తుందా? ఆ శ్రోత బ్రతికి ఉండాలి అని చెప్పే ఘటన నలభై ఏళ్ల తర్వాత ఐరోపాలో జరిగింది. ఇక్కడా కేంద్రంలో ఒక కవి ఉన్నాడు.

అబ్బా కోవ్నర్ విల్నా ఘెట్టోలో యూదుల సాయుధ ప్రతిఘటనకు నాయకత్వం వహించినవాడు. నాజీలు యూదులందరినీ చంపబోతున్నారని, పోరాడక తప్పదని 1942 ఆరంభంలోనే ప్రకటించినవాడు. యుద్ధం ముగిశాక మిగిలిన సహచరులతో కలిసి ‘నకామ్’ అన్న రహస్య బృందాన్ని ఏర్పరచాడు. హీబ్రూలో ఆ మాటకు ‘ప్రతీకారం’ అని అర్థం. సభ్యులు సుమారు యాభైమంది, అందరూ యువకులు, దాదాపు అందరూ కుటుంబాలను పోగొట్టుకున్నవారు. జర్మన్ నగరాల తాగునీటిలో విషం కలిపి, చనిపోయిన అరవై లక్షల యూదులకు బదులుగా అంతమంది జర్మన్లను చంపడం వారి మొదటి పథకం. అందులో స్త్రీలు, పిల్లలు, నాజీలను వ్యతిరేకించినవారు అన్న విచక్షణ లేదు. విషంకోసం కోవ్నర్ పాలస్తీనాకు వెళ్లాడు. 1945 డిసెంబరులో తిరిగి వస్తుండగా ఓడలో బ్రిటిష్ అధికారులు అతణ్ని నిర్బంధించారు. విషం సముద్రంపాలైంది. ఆ తర్వాత బృందం రెండో పథకానికి దిగింది. 1946 ఏప్రిల్‌లో న్యూరెంబర్గ్ దగ్గర నాజీ ఎస్.ఎస్. బందీలున్న శిబిరానికి వెళ్లే సుమారు మూడువేల రొట్టెలకు ఆర్సెనిక్ పూశారు. రెండువేలమందికి పైగా అస్వస్థులయ్యారు. ఎవరైనా చనిపోయినట్టు ఆధారం లేదు.

నకామ్‌ను ఇతర తీవ్రవాద బృందాలతో ఒకే గాటన కట్టడం చరిత్రకు అన్యాయం. వారి వెనుక ఉన్నది ఊహించిన పీడన కాదు, ఒక జాతి నిర్మూలన. ఇక్కడ మనకు కావలసింది నైతిక తూకం కాదు, ఆ రెండు పథకాల మధ్య తేడా. మొదటి పథకంలో ఉద్దిష్ట శ్రోతలు మృతులు. మృతులు ఎన్నటికీ ‘చాలు’ అనరు. అరవై లక్షలకు అరవై లక్షలు అన్న లెక్క వారి తరఫున వేసిన లెక్క, దానిని సరిదిద్దే నోరు ఎవరికీ లేదు. బ్రతికి ఉన్న యూదు సమాజం ఆకాంక్ష అప్పటికే వేరుగా ఉంది. పాలస్తీనాలో ఆ సమాజం ముందున్న పని రాజ్యస్థాపన. దానికి లోకం సానుభూతి కావాలి, జర్మన్ పసిపిల్లల శవాలు కాదు. రెండో పథకంలో గురి నేరం చేసిన సైనికుల వైపు మళ్లింది. మొదటి పథకానికి సాధనం చేజారడమే ఆ మార్పుకు మొదటి కారణమన్నది నిజమే. అయినా మిగిలిన చిన్న సాధనాన్ని ఎవరిమీద వాడాలి అన్నప్పుడు విచక్షణ తిరిగి వచ్చింది.

కోవ్నర్ తర్వాత ఇజ్రాయెల్‌లో స్థిరపడి హీబ్రూ కవులలో ప్రముఖుడయ్యాడు. 1970లో ఆ దేశపు అత్యున్నత సాహిత్య గౌరవం పొందాడు. మృతుల తరఫున మాట్లాడడం మానలేదు, కాని ఆ మాటకు బ్రతికినవారిలో పాఠకులు దొరికారు.

5. శ్రోతను కోల్పోయిన బృందం: ఓం షిన్రిక్యో

తీవ్రవాద బృందం ఒకటి నరాలపై పనిచేసే విషవాయువును సొంతంగా తయారుచేసి నగరంమీద ప్రయోగించిన ఘటనకు ప్రధాన ఉదాహరణ జపాన్‌లోని ఓం షిన్రిక్యో. దీని చరిత్రను సాధారణంగా 1995 మార్చి 20 నుంచి వెనక్కి చదువుతారు. ముందునుంచి చదివితే వేరే సంగతి కనిపిస్తుంది.

షోకో అసహారా అసలు పేరు మత్సుమొతో చిజువో. క్యూషూ దీవిలో 1955లో పుట్టాడు. చూపు తక్కువ. అంధుల పాఠశాలలో చదివాడు. 1984లో చిన్న యోగశిక్షణ బృందంతో మొదలుపెట్టి, హిమాలయాలలో జ్ఞానోదయమైందని ప్రకటించుకొని, 1987లో ‘ఓం షిన్రిక్యో’ అని పేరు పెట్టాడు. యోగం, బౌద్ధం, హైందవం, క్రైస్తవ గ్రంథాలలోని ప్రళయయుద్ధ భావన అన్నీ అతని బోధలో కలిశాయి. ఫూజీ పర్వతపాదంలోని కమికుయిషికి గ్రామంలో కట్టిన భవనాలను ‘సత్యన్’ అని పిలిచేవారు. మన ‘సత్యం’ అన్న మాటే అది. సారిన్ తయారైన కర్మాగారం పేరు ఏడవ సత్యన్.

1989లో ఈ బృందానికి మతసంస్థగా ప్రభుత్వ గుర్తింపు లభించింది. ఆ ఏడాదే పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల తరఫున వాదిస్తున్న న్యాయవాది సకామొతోను, అతని భార్యను, పసివాడైన కొడుకును ఆ బృందం సభ్యులు రహస్యంగా హత్యచేశారు. అంటే హింస అప్పటికే మొదలైంది. కాని ఆ హింస ఇంకా అడ్డు తొలగించుకునే హింసే. 1990 ఫిబ్రవరిలో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో అసహారాతో సహా 25 మంది అభ్యర్థులు నిలబడ్డారు. గురువు ముఖచిత్రాన్ని తొడుగులుగా పెట్టుకొని, పాటలు పాడుతూ వీధులలో ప్రచారం చేశారు. ఒక్కరూ గెలవలేదు. అసహారాకు రెండువేల ఓట్లయినా రాలేదు.

ఈ చరిత్రలో మలుపు ఇక్కడే ఉంది. ఎన్నికలకు నిలబడినవాడు ఎంత వింతవాడైనా జనాన్ని తన శ్రోతగా అంగీకరించినవాడే. ఆ శ్రోత నవ్వి, తల తిప్పుకొని వెళ్లిపోయాడు. కొద్ది వారాలలోనే బృందం బొట్యులినం విషంతో ప్రయోగాలకు దిగింది. ప్రళయంనుంచి జనాన్ని కాపాడడం అన్న పాత బోధ స్థానంలో ప్రళయం తప్పదు, మనం మాత్రమే మిగులుతాం అన్న కొత్త బోధ వచ్చింది. టిబెటన్ బౌద్ధంలో మరణసమయాన చైతన్యాన్ని ఉత్తమలోకానికి పంపే సాధనను సూచించే ‘పోవా’ అన్న మాటకు చంపడం అన్న అర్థం కల్పించారు. చంపినవాడు చచ్చినవానికి మేలు చేస్తున్నాడు. ఈ అర్థం కుదిరాక బాధితుడు ఆక్షేపించడానికి కూడా వీలులేదు. అతని ఆక్షేపణ అజ్ఞానమే అవుతుంది.

సామర్థ్యం మాటకొస్తే ఈ బృందానికి లోటు లేదు. అపారమైన ఆస్తి, జపాన్‌లోనే సుమారు పదివేల మంది అనుచరులు, రష్యాలో అంతకు మించినవారు ఉండేవారు. పేరున్న విశ్వవిద్యాలయాలలో రసాయన, భౌతిక, జీవశాస్త్రాలు చదివినవారు, వైద్యులు వీరిలో ఉన్నారు. అయినా బొట్యులినం ప్రయోగాలు విఫలమయ్యాయి. 1993 వేసవిలో టోక్యోలోని కమెయిదో ప్రాంతంలో తమ భవనంపైనుంచి ఆంత్రాక్స్ వెదజల్లితే ఇరుగుపొరుగులు దుర్వాసన వస్తున్నదని ఫిర్యాదు చేశారే తప్ప ఎవరికీ జబ్బు చేయలేదు. ఆ క్రిమి పశువుల టీకాలో వాడే నిరపాయకరమైన రకమని తర్వాత తేలింది. సామర్థ్యమే కాంక్షకు మూలమైతే ఇన్ని వైఫల్యాల తర్వాత ఆ కాంక్ష చల్లబడాలి. అది చల్లబడలేదు. కాంక్ష ముందు, సామర్థ్యం వెనుక నడిచాయి.

1994 జూన్ 27 రాత్రి మత్సుమొతో పట్టణంలో సారిన్ వదిలారు. ఒక భూవివాదంలో తమకు వ్యతిరేకంగా తీర్పు ఇవ్వబోతున్నారని అనుమానించిన న్యాయమూర్తుల నివాసం గురి. ఆ రాత్రి ప్రయోగానికి ఏడుగురు బలయ్యారు. మొదట సమాచారం ఇచ్చిన పౌరుణ్నే పోలీసులూ పత్రికలూ అనుమానించి నెలలతరబడి వేధించారు. ఆ విషానికి స్పృహ కోల్పోయిన అతని భార్య 2008లో మరణించింది. మరుసటి సంవత్సరం పోలీసుల సోదాలు తప్పవని తెలిసిన ఈ బృందం 1995 మార్చి 20 సోమవారం ఉదయం, ఉద్యోగులు పనికి వెళ్లే వేళ, మూడు మార్గాలలోని ఐదు భూగర్భ రైళ్లలో సారిన్ వదిలింది. ఆ మార్గాలన్నీ ప్రభుత్వ కార్యాలయాలున్న కసుమిగసెకి స్టేషన్‌లో కలుస్తాయి. పదమూడుమంది మరణించారని చాలాకాలం లెక్క. మంచానికే పరిమితమైన మరొక బాధితురాలు 2020లో మరణించడంతో ఆ సంఖ్య పద్నాలుగయింది. గాయపడినవారు వేలలో ఉన్నారు. కసుమిగసెకిలో పొట్లాన్ని రైలునుంచి తొలగించి నేలను శుభ్రం చేసిన స్టేషన్ ఉద్యోగులు ఇద్దరు ఆ పనిలోనే ప్రాణాలు విడిచారు.

ఆ పొట్లాన్ని పొడిచినవాడు ఇకువో హయాషి, హృద్రోగ శస్త్రవైద్యుడు. రైలులో తన చుట్టూ ఉన్న మనుషులను చూసి లోపల సంఘర్షణ పడ్డానని తర్వాత చెప్పుకున్నాడు. తొంభై ఏళ్ల క్రితం మాస్కో వీధిలో కాల్యాయెవ్ చూసినదానికి, టోక్యో రైలులో హయాషి చూసినదానికి పెద్ద తేడా లేదు. ఇద్దరికీ ఎదుట కనిపించింది నిరపరాధుల ముఖమే. మొదటివాడు ఆ ముఖాన్ని తాను జవాబు చెప్పవలసిన జనంలో చేర్చుకోగలిగాడు. రెండోవానికి గురువు తప్ప జవాబు చెప్పవలసినవారు మిగలలేదు.

మరొక నిదర్శనం ప్రకటన. కాల్యాయెవ్ బృందం తన చర్యలను సొంతమని చాటుకుంది. ఓం షిన్రిక్యో టోక్యో దాడిని తనదని చెప్పలేదు. నిరాకరించింది, నేరాన్ని ఇతరుల మీదికి నెట్టింది. 1984లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రజనీష్ ఆశ్రమవాసులు స్థానిక ఎన్నికలను దృష్టిలో పెట్టుకొని ఫలహారశాలల ఆహారంలో సాల్మొనెల్లా క్రిమిని కలిపి 751 మందిని అస్వస్థులను చేసినప్పుడూ ఎవరూ తమ పని అని చెప్పుకోలేదు. నకామ్ కూడా రహస్యంగానే ఉండిపోయింది. చాటుకోలేని చర్యకు బయటి శ్రోత లేడు. ఈ మౌనం జనహనన ఆయుధాన్ని ఎంచుకున్న అన్ని బృందాలలో లేదు గాని, లోకంతో మాట కలపడం మానేసిన బృందాలకు అది గుర్తు.

జపాన్ నవలాకారుడు హారుకి మురాకామి సుమారు అరవైమంది బాధితులతో స్వయంగా మాట్లాడి 1997లో ‘అండర్‌గ్రౌండ్’ గ్రంథం ప్రచురించాడు. మరుసటి ఏడాది ఓం అనుచరులతో జరిపిన సంభాషణలు కూడా వెలువరించాడు. అంతవరకు పత్రికల దృష్టి అసహారా మీదనే ఉంది. మురాకామి ఆ రైళ్లలో ఉన్నవారి ఇల్లు, ఉద్యోగం, ఆ ఉదయం వారు ఎక్కిన పెట్టె, దగ్గుతూ కూడా ఆఫీసుకు వెళ్లడానికి చేసిన ప్రయత్నం రాయించాడు. గాలిలా వ్యాపించి ‘ఎవరినైనా’ చంపే ఆయుధానికి ఎదురుగా ఒక్కొక్కరినీ పేరుపేరునా నిలబెట్టిన పని అది. ఈ బృందం శ్రోతలుగా గుర్తించని మనుషులను ఆ పుస్తకం వక్తలుగా చేసింది.

6. నిగ్రహం కరుణ కాదు: కిరాన్, 1990

శ్రోత భయమే నిగ్రహానికి మూలమైతే, కరుణలేని బృందం కూడా నిగ్రహం చూపాలి. దీనికి శ్రీలంకలోని ఎల్.టి.టి.ఇ. ఉదాహరణ. 1990 జూన్‌లో తూర్పుతీరాన కిరాన్ సైనిక శిబిరాన్ని ముట్టడించినప్పుడు, ఆయుధాల కొరతలో ఉన్న ఈ సంస్థ సమీపంలోని కాగితం మిల్లునుంచి తెచ్చిన క్లోరిన్‌ను శిబిరంమీదికి వదిలింది. అరవైమందికి పైగా సైనికులు అస్వస్థులయ్యారు. గాలి మళ్లి కొంత వాయువు తమవారి మీదికే వచ్చింది. శిబిరం చేజిక్కింది. అయినా తర్వాతి పందొమ్మిదేళ్ల యుద్ధంలో ఆ సంస్థ విషవాయువును తన పోరాట పద్ధతిగా చేసుకోలేదు.

ఇది దయవల్ల కాదు. ఆత్మాహుతి దాడులను ఒక పద్ధతిగా తీర్చినదీ, బాలురను యుద్ధంలోకి దింపినదీ, 1996లో కొలంబో కేంద్ర బ్యాంకు మీద దాడిచేసి పౌరులను పెద్దసంఖ్యలో చంపినదీ ఈ సంస్థే. గాలి మీద అదుపు లేకపోవడం, తర్వాత మెరుగైన ఆయుధాలు దొరకడం ఈ విరమణకు కొంత కారణం. అంతకన్నా బలమైన కారణం, తాను ప్రతినిధినని చెప్పుకుంటున్న తమిళ జనం, ధనం పంపుతున్న ప్రవాస తమిళులు, తాను గుర్తింపు కోరుతున్న దేశాలు. లండన్‌లోనో టొరంటోలోనో ఉన్న కుటుంబం ‘స్వాతంత్ర్య పోరాటం’ అన్న మాటకు విరాళం ఇవ్వగలదు, ‘విషవాయువు’ అన్న మాటకు ఇవ్వడం కష్టం. శ్రోత దూరంగా ఉన్నా, అతని చేతిలో డబ్బుసంచి ఉంది.

7. ఒక ప్రతివాదం

శ్రోతలున్న బృందాలు కూడా ఈ ఆయుధాలను కోరిన సందర్భాలున్నాయి గదా అన్న ఆక్షేపణ సమంజసమైనది. అల్ ఖైదా నాయకుడు బిన్ లాడెన్ ఇటువంటి ఆయుధాలు సంపాదించడం మతధర్మమని 1998లో బాహాటంగా చెప్పాడు. కాని ఆ మాట ఎలా చెప్పాడన్నది గమనించాలి. ధర్మశాస్త్రం పేరు ఎత్తవలసి వచ్చింది. 2003లో సౌదీ మతపండితుడు నాసిర్ అల్ ఫహద్ ఈ ఆయుధాలు సమ్మతమేనని వాదిస్తూ ఒక గ్రంథమే రాశాడు. సమర్థన అవసరమైందంటే, శ్రోతలలో అసమ్మతి ఉన్నదన్నమాట. 2006–07లో ఇరాక్‌లో అల్ ఖైదా అనుబంధ బృందం క్లోరిన్ కలిపిన వాహనబాంబులను పదికి పైగా పేల్చింది. విషంకన్నా పేలుడే ఎక్కువమందిని చంపింది. బాధితులలో ఆ బృందం తనవారని చెప్పుకున్న సున్నీలే ఉన్నారు. అప్పటికే అన్బార్ తెగలు ఆ బృందానికి ఎదురు తిరుగుతున్నాయి. శ్రోత మాట వినని వక్తకు శ్రోతలు ఎలా దూరమవుతారో ఇది చూపుతుంది.

శ్రోత ఒక్కటే సర్వకారణమని ఈ వ్యాసం చెప్పడం లేదు. సిరియాలో ఐసిస్ 2015లో మస్టర్డ్ వాయువు ప్రయోగించిందని అంతర్జాతీయ విచారణ నిర్ధారించింది. భూభాగం, జనం, కర్మాగారాలు చేతిలో ఉన్న బృందం రాజ్యంలా ప్రవర్తించిన సందర్భం అది. ప్రజలను ఒప్పించడం మాని శాసించడం మొదలైనచోట శ్రోత ఉన్నా అతనికి నోరు లేదు.

అల్ ఖైదా చరిత్రలో రచనారంగంలో ఉన్నవారిని కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. 1999లో అయ్మాన్ అల్ జవాహిరి తన సహచరునికి రాసిన లేఖ ఒకటి తర్వాత కాబూల్‌లో దొరికిన కంప్యూటర్‌లో బయటపడింది. ఈ ఆయుధాలను తయారుచేయడం సులభమని శత్రువులే పదేపదే ఆందోళన వెలిబుచ్చడంవల్ల వాటిమీద తమకు దృష్టి పడిందని ఆ లేఖ భావం. భయాన్ని వర్ణించిన వ్యాసాలే కోరికను నేర్పాయి. తమ మాటలు ఎవరి చెవిన పడుతున్నాయో ఆ రచయితలు ఆలోచించలేదు.

8. సౌప్తికపర్వం: ఒక పునఃపఠనం

చూసి నేర్చిన హింసకు మన సాహిత్యంలో ప్రసిద్ధమైన చిత్రం ఉంది. మహాభారత సౌప్తికపర్వంలో, తెలుగులో తిక్కన చెప్పిన కథలో, మర్రిచెట్టుమీద నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపడం అశ్వత్థామ చూస్తాడు. నిద్రించే శిబిరంమీద పడాలన్న ఆలోచన అక్కడ పుడుతుంది. కృపాచార్యుడు వారిస్తాడు. అశ్వత్థామ వినడు. అతని చర్యకు ఉద్దిష్ట శ్రోతలు ఇద్దరే: అన్యాయంగా చచ్చిన తండ్రి, తొడలు విరిగి నేలమీద పడి ఉన్న దుర్యోధనుడు. ఒకడు మృతుడు, ఒకడు మరణిస్తున్నవాడు. ఊచకోత ముగిశాక అతడు నేరుగా దుర్యోధనునికి వార్త చెప్పడానికే పోతాడు. విన్న తృప్తితో ఆ శ్రోత కన్నుమూస్తాడు. ఇక వినేవాడు లేని స్థితిలోనే బ్రహ్మశిరోనామకాస్త్రం బయటికి వస్తుంది. మనుష్యులమీద ప్రయోగించవద్దని తండ్రి హెచ్చరించి ఇచ్చిన అస్త్రం అది.

అర్జునుడూ అదే అస్త్రం వేస్తాడు. సామర్థ్యం ఇద్దరికీ ఉంది. వ్యాసనారదులు నడుమ నిలిచి ఉపసంహరించమన్నప్పుడు అర్జునుడు ఉపసంహరిస్తాడు, అశ్వత్థామ ఉపసంహరించలేక పాండవస్త్రీల గర్భాల వైపు మళ్లిస్తాడు. అర్జునుని నియమనిష్ఠ వల్ల ఉపసంహారం సాధ్యమైందని భారతం చెబుతుంది. ఆ నిష్ఠకు ఇంకొక ముఖం కూడా ఉంది. తనను ఆపగల పెద్దల మాటకు అర్జునుడు చెవి ఒగ్గి ఉన్నాడు. అశ్వత్థామ ఆ రాత్రి మేనమామ మాటనే కాదన్నవాడు. భవిష్యత్తుమీదికి, ఇంకా పుట్టని బిడ్డమీదికి అస్త్రం మళ్లడం కూడా గమనించదగినది. జవాబు చెప్పవలసినవారు లేనివాని ఆయుధం చివరకు తనకు ఏ అపకారమూ చేయనివానిని వెతుక్కుంటుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. జనహనన ఆయుధం దొరకడం కన్నా దానిని కోరుకోవడం ముందు జరుగుతుంది. ఆ కోరిక చర్యకు జీవించి ఉన్న శ్రోత లేనప్పుడు, ఉన్నా అతని మాటకు విలువ లేనప్పుడు బలపడుతుంది. ఓం షిన్రిక్యో విషయంలో ఆ స్థితి 1990 ఎన్నికల ఓటమి తర్వాత ఏర్పడింది. నకామ్ విషయంలో జాతినిర్మూలనే ఆ స్థితిని కల్పించింది. కాల్యాయెవ్ విషయంలోనూ ఎల్.టి.టి.ఇ. విషయంలోనూ భిన్న కారణాలచేత శ్రోత నిలిచాడు, నిగ్రహం మిగిలింది.

దీనినుంచి ఒక ఆచరణాత్మకమైన సూచన వస్తుంది. కర్మాగారాలకూ ప్రయోగశాలలకూ కాపలా అవసరమే. ఒక బృందం లోకంతో మాట్లాడడం ఎప్పుడు మానేసిందో, తన అనుచరులను కుటుంబాలనుంచి ఎప్పుడు విడదీసిందో, చంపడానికి కొత్త అర్థాన్ని ఎప్పుడు కల్పించిందో కనిపెట్టడం కూడా అంతే అవసరం. 1989లోనే జపాన్‌లో తల్లిదండ్రులు తమ పిల్లలు తమతో మాట్లాడడం లేదని ఫిర్యాదు చేశారు. వారి మాట వినిపించబోయిన న్యాయవాదిని కుటుంబంతో సహా చంపారు. ఆ శవాలు 1995 సెప్టెంబరులో, టోక్యో దాడి జరిగిన ఆరు నెలలకు, కొండల్లో దొరికాయి. మాటకు అర్థం మారడాన్ని, సంబోధన మారడాన్ని గుర్తించడం భాషాసాహిత్యాల విద్యార్థులకు పరిచితమైన పనే. ‘పోవా’ అన్న మాటకు అర్థం మారిననాడే టోక్యో రైళ్లకు ప్రమాదం మొదలైంది.